రెండు సాలిడ్‌వర్క్స్ వెర్షన్లు, ఒకే ఆఫీసు: బోల్టుల లైబ్రరీ ఎలా ఉంచుకుంటే మేలు?

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు చిన్న డిజైన్ ఆఫీసులు నడిపేవారు ఈ మధ్య తరచుగా ఒకే మాట అడుగుతున్నారు. ఒక కస్టమర్ సాలిడ్‌వర్క్స్ (యంత్ర భాగాలను కంప్యూటర్‌లో గీసే సాఫ్ట్‌వేర్) 2021 వెర్షన్‌లోనే ఫైళ్లు కావాలంటారు, ఇంకొకరు 2024లో పంపుతారు. రెండూ ఉంచుకోక తప్పదు. మరి నట్లు, బోల్టులు, బేరింగుల లైబ్రరీ సర్వర్‌లో అందరికీ ఒకటే ఉండాలా, వెర్షన్‌కు ఒకటి పెట్టాలా, లేక సాలిడ్‌వర్క్స్ ఇచ్చే రెడీమేడ్ లైబ్రరీ అయిన టూల్‌బాక్స్‌ను పక్కన పెట్టి సొంతంగా తయారు చేసుకోవాలా?

నా దృష్టిలో దీన్ని తేల్చే విషయం ఒక్కటే: లైబ్రరీ ఫైలు మీద సేవ్ నొక్కే అధికారం ఎవరికి ఉంది? 2021లో చేసిన పార్టును 2024 హాయిగా తెరుస్తుంది. తెరిచినవారు ఒక్కసారి సేవ్ చేస్తే చాలు, ఆ ఫైలు 2024ది అయిపోతుంది. ఆ తరువాత 2021 దాన్ని తెరవనే తెరవదు. మామూలు పార్టు ఒకటి అలా మారితే ఇబ్బంది ఆ ఒక్క పనికే. లైబ్రరీలోని ఎం8 అలెన్ బోల్టు మారితే మాత్రం, దాన్ని వాడిన ప్రతి పాత అసెంబ్లీకీ (పార్టులన్నీ కూర్చిన ఫైలుకు) దెబ్బ తగులుతుంది. వెనకటి వెర్షన్‌లో సేవ్ చేసే సదుపాయం 2024లో వచ్చింది కదా అంటారు. వచ్చింది, మంచిదే. అయితే అది రెండు విడుదలల వెనక్కి మాత్రమే, అంటే 2024 నుంచి 2022 దాకా పనిచేస్తుంది. 2021 అడిగే కస్టమర్‌కు అది అందదు.

అందరికీ ఒకే టూల్‌బాక్స్ అనే పద్ధతి ఒకే వెర్షన్ వాడే ఆఫీసుకు చక్కగా సరిపోతుంది. సొంత యంత్రాలు తయారు చేసుకుంటూ, బయటి ఫైళ్లతో పెద్దగా పని లేని కంపెనీ అయితే ఒక శనివారం సాయంత్రం అన్ని సీట్లనూ కొత్త వెర్షన్‌కు మార్చి, టూల్‌బాక్స్‌ను కూడా మార్చేయవచ్చు. రెండు వెర్షన్లున్న చోట ఇది కుదరదు. టూల్‌బాక్స్ అంటే పార్టు ఫైళ్లతో పాటు ఒక డేటాబేస్ కూడా. దాన్ని కొత్త వెర్షన్‌కు అప్‌గ్రేడ్ చేశాక పాత వెర్షన్ వాడుకోలేదు.

అందుకే చాలామంది వెర్షన్‌కు ఒక టూల్‌బాక్స్ పెడతారు. పద్ధతి తప్పు కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు టూల్‌బాక్స్ ఎక్కడ ఉండాలో చూపే చోట ఆగి, పాత ఫోల్డరును ముట్టుకోకుండా కొత్తది ఎంచుకోవాలి. పార్టు నంబర్లు, ఇతర మార్పులు పోకూడదనుకుంటే పాత ఫోల్డరును కాపీ చేసి, ఆ కాపీని మాత్రమే అప్‌గ్రేడ్ చేయాలి.

చిక్కంతా ఆ తరువాతే. టూల్‌బాక్స్ మామూలు అమరికలో ఒక రకం బోల్టుకు ఒకే ఫైలు ఉంటుంది, సైజులు దానిలో కాన్ఫిగరేషన్లుగా, అంటే ఒకే ఫైలులోని వేర్వేరు రూపాలుగా చేరుతుంటాయి. ఎం8×25 ఒకరు వాడితేనే ఆ సైజు వారి టూల్‌బాక్స్ ఫైలులో పుడుతుంది. అదే అసెంబ్లీని ఆ సైజు ఇంకా పుట్టని టూల్‌బాక్స్ ఉన్న కంప్యూటర్‌లో తెరిస్తే, ఫైలు పేరు సరిపోతుంది కాబట్టి పార్టు దొరుకుతుంది, సైజు మాత్రం దొరకదు. ఫిక్చర్ (పనిముక్కను పట్టి ఉంచే సాధనం) ప్లేటులో చిన్న అలెన్ బోల్టులు ఉండవలసిన చోట ప్లేటునే కప్పేసేంత పెద్ద బోల్టులు నిలబడతాయి. ఈ పనిలో ఉన్నవారు ఆ బొమ్మను ఒక్కసారైనా చూసే ఉంటారు. పైగా రెండు ఫోల్డర్లలోనూ ఫైళ్ల పేర్లు ఒకటే. సాలిడ్‌వర్క్స్ ఒకే పేరున్న రెండు వేర్వేరు ఫైళ్లను ఒకేసారి తెరవదు, ఆ పేరుతో అప్పటికే తెరిచి ఉన్నదాన్నే తీసుకుంటుంది. ఏ బోల్టు ఏ ఫోల్డరుదో కంటికి తెలియదు.

నేను గట్టిగా చెప్పేది మూడో దారి: సైజుకు ఒక ఫైలు చొప్పున సొంత లైబ్రరీ. ఆఫీసులో వాడే అతి పాత వెర్షన్‌లోనే దాన్ని చేయాలి. సర్వర్‌లోని ఆ ఫోల్డరులో రాసే అనుమతి ఒక్కరికే ఉండాలి, ఆ ఒక్కరూ పాత వెర్షన్‌లోనే కొత్త బోల్టులు చేర్చాలి. మిగతా అందరికీ చదివే అనుమతి చాలు. 2024లో చేసిన అసెంబ్లీలో 2021 బోల్టు కూర్చోవడానికి ఏ అభ్యంతరమూ లేదు. సేవ్ చేసినప్పుడల్లా బోల్టుల సంగతి అడగకుండా ఉండాలంటే, ఆప్షన్స్‌లో ఎక్స్‌టర్నల్ రిఫరెన్సెస్ పేజీలో రీడ్ ఓన్లీ ఫైళ్ల గురించి అడగవద్దనే గడి ఉంది, దానికి టిక్కు పెట్టండి.

అన్నీ మొదటి నుంచి గీయనక్కరలేదు. టూల్‌బాక్స్ అమరికల్లో సైజుకు విడి పార్టు చేయమంటే అదే చేసి ఇస్తుంది. ఆ ఫైళ్ల మీద ఇది టూల్‌బాక్స్ పార్టే అనే ముద్ర ఉండిపోతుంది, దాన్ని సాలిడ్‌వర్క్స్‌తోనే వచ్చే చిన్న యుటిలిటీతో తీసేయాలి. తీయకపోతే పాత గొడవే మళ్లీ మొదలవుతుంది. సెక్షన్ వ్యూలో బోల్టు కోతకు గురి కాకూడదంటే 'ఈజ్‌ఫాస్టెనర్' అనే కస్టమ్ ప్రాపర్టీకి 1 ఇవ్వాలి.

దీనిలో ఇంకో మేలుంది, నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. లైబ్రరీలో మన స్టోరులో ఉన్నవే ఉంటాయి. ఎం10 హెక్స్ బోల్టు తల జర్మన్ ప్రమాణం డిన్ 933 ప్రకారం 17 మిల్లీమీటర్లు, అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4017 ప్రకారం 16. ఎం12 అయితే 19, 18. తల తిరగకుండా 16కు గాడి మిల్లింగ్ చేయించి, రాణిగంజ్ నుంచి 17 తల బోల్టులు తెప్పిస్తే అవి అందులో కూర్చోవు. టూల్‌బాక్స్‌లో రెండు ప్రమాణాలూ పక్కపక్కనే ఉంటాయి, తొందరలో ఉన్న కుర్రవాడు ఏది లాగుతాడో చెప్పలేం. సొంత లైబ్రరీలో కొనేది ఒక్కటే ఉంటుంది.

నష్టాలూ ఉన్నాయి. స్మార్ట్ ఫాస్టెనర్స్ (రంధ్రాలకు తగిన బోల్టులను తానే అమర్చే సదుపాయం) పోతాయి, ఎందుకంటే అవి టూల్‌బాక్స్ మీదే నడుస్తాయి. పాత వెర్షన్ ఫైళ్లను కొత్తది తెరిచిన ప్రతిసారీ లోపల మార్చుకోవాలి కాబట్టి పెద్ద అసెంబ్లీలు కొంచెం నెమ్మదిగా తెరుచుకుంటాయి. మొదట్లో కూర్చుని చేయవలసిన శ్రమ కూడా తక్కువేమీ కాదు. వందల బోల్టులతో స్ట్రక్చర్లు గీసేవారికి స్మార్ట్ ఫాస్టెనర్స్ లేకపోవడం నిజంగా కష్టమే, వారు వెర్షన్‌కు ఒక టూల్‌బాక్స్ దారిలోనే జాగ్రత్తగా వెళ్లవచ్చు. జిగ్గులు, ఫిక్చర్లు, మోల్డులు చేసే మన ఆఫీసులకు ఆ లోటు పెద్దగా తెలియదు.

పీడీఎం (ఫైళ్లను, వాటి మార్పులను చూసుకునే సాఫ్ట్‌వేర్) గురించి కూడా అడుగుతున్నారు. ప్రొఫెషనల్, ప్రీమియం లైసెన్సులతో దాని స్టాండర్డ్ రూపం వస్తుంది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపుతుంది, అనుమతులు పెట్టడం తేలిక. అయినా లోపలున్న ఫైలు వెర్షన్‌ను అది వెనక్కి తేలేదు. స్టెప్ ఫైళ్లు (వేర్వేరు డిజైన్ సాఫ్ట్‌వేర్లు తెరవగల ఉమ్మడి రూపం) ఏ వెర్షన్‌లోనైనా తెరుచుకుంటాయి, కానీ వాటిలో మేట్ రిఫరెన్సులు (పార్టు ఎక్కడ అతుక్కోవాలో చెప్పే గుర్తులు) ఉండవు. కొనే మోటారుకో సిలిండరుకో పనికొస్తాయి, బోల్టుకు వద్దు. ఇన్వెంటర్ అనే ఇంకో డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడేవారు దాని పార్టుల లైబ్రరీ అయిన కంటెంట్ సెంటర్‌లోని తమ సొంత లైబ్రరీలను కొత్త విడుదలకు మార్చుకోవాలి, పాతదాని కాపీ తీసిపెట్టడం అక్కడా అవసరమే.

పాత వెర్షన్ అడిగే చివరి కస్టమర్ కూడా మారాక లైబ్రరీని పైకి జరపవచ్చు. సాలిడ్‌వర్క్స్ టాస్క్ షెడ్యూలర్ ఫోల్డరు మొత్తాన్ని ఒకేసారి కొత్త వెర్షన్‌కు మారుస్తుంది. అంతకుముందు పాత లైబ్రరీని జిప్ చేసి, సర్వర్‌లో కాకుండా విడి డిస్కులో పెట్టండి. ఎప్పుడో చేసి ఇచ్చిన ఫిక్చర్‌కు స్పేర్ పార్టు కావాలని, పాత ఫైలే పంపమని ఎవరో ఒకరు ఫోను చేస్తారు.