పార్కింగ్‌కి రంగు కాంక్రీట్: పొడి ఆక్సైడా, లిక్విడ్ పిగ్మెంటా, ఏది మేలు?

మా ఇంటి ముందు పార్కింగ్ చూసినవాళ్ళు మొదట అడిగేది "ఈ చారలు కావాలనే పెట్టించారా?" అని. లేదండీ, పొడి రంగు, మే నెల ఎండ, లెక్కలేని నీళ్ళు, మూడూ కలిస్తే వచ్చిన చారలు అవి. వెనకాల సిటౌట్‌కి మాత్రం లిక్విడ్ పిగ్మెంట్ వాడాం, అదే మేస్త్రి, అదే సిమెంట్, అదే రోబో శాండ్, అక్కడ ఈ మూల నుంచి ఆ మూల దాకా రంగు ఒక్కటే. అట్లని పొడి దండగ అని కొట్టిపారేయలేను, ఎందుకంటే మా ఊళ్ళో అమ్మమ్మ వాళ్ళ ఇంట్లో ఎర్ర గచ్చు పొడి ఆక్సైడ్‌తో చేసిందే, ఇప్పటికీ ముఖం చూసుకోవచ్చు దాంట్లో.

ముందు ఒక సంగతి, నేనైతే లిక్విడ్ అంటే ఏదో కొత్త కెమికల్ అనుకున్నా. మంచి లిక్విడ్‌లో ఉండేదీ అదే ఐరన్ ఆక్సైడే, దాన్ని నీళ్ళల్లో సన్నగా నూరి గడ్డ కట్టకుండా ఇంకేదో కలిపి డబ్బాలో పోస్తారు అంతే. అందుకే ఎండకి తట్టుకోవడంలో, ఏళ్ళ తరబడి నిలబడడంలో ఎరుపు పొడికీ ఎరుపు లిక్విడ్‌కీ తేడా ఏం లేదు. తేడా అంతా కలిపే దగ్గరే.

పొడితో మాకు ఏమైందంటే, పార్కింగ్ 300 చదరపు అడుగులు, 4 అంగుళాల మందం, మొత్తం 22 బస్తాల సిమెంట్ పట్టింది. మిల్లర్‌లో (కాంక్రీట్ కలిపే మిషన్) ఒక్కో ట్రిప్పుకి ఒక బస్తా. రంగు ఎప్పుడైనా సిమెంట్ బరువు మీదే లెక్క, ఇసుకా కంకరా లెక్కలోకి రావు, మేం 4 శాతం అనుకున్నాం కాబట్టి 50 కిలోల బస్తాకి 2 కిలోలు. పేపర్ మీద బానే ఉంది. సైట్‌లో ఏమో కాంటా పక్కన పడేసి ప్లాస్టిక్ మగ్గుతో కొలుస్తున్నారు, ఒకసారి నిండుగా, ఒకసారి తలకొట్టి. పైగా పొడి గాలికి లేచి పక్కింటి వాళ్ళ తెల్ల స్కూటీ గులాబీ రంగుకి వచ్చింది, ఆ ఆంటీ వారం రోజులు మాట్లాడలేదు. పొడి చిన్న చిన్న ఉండలు కడుతుంది, మిల్లర్ సరిగ్గా తిరగకపోతే ఆ ఉండలు అట్లనే ఉండిపోయి తాపీ పెట్టి నునుపు చేసేటప్పుడు చితికి ఎర్రగా గీతలు పడతాయి. మధ్యాహ్నం అయ్యేసరికి ఎండకి మాల్ గట్టిపడుతోందని "జర నీళ్ళు పొయ్యి" అన్నాడు మేస్త్రి, నేను "అన్నా, రంగు తేలిపోతదేమో" అంటే "ఎండితే అంతా ఒక్కటైతది సార్" అన్నాడు. ఎండింది, ఒక్కటి కాలేదు. నీళ్ళు ఎక్కువైన ట్రిప్పులు ఎప్పుడూ లేత రంగుకే వస్తాయి, అవే ఆ చారలు.

సిటౌట్‌కి వచ్చేసరికి బుద్ధొచ్చి లిక్విడ్ తెచ్చాం. ఒక్కో ట్రిప్పుకి కావాల్సింది ముందురోజు రాత్రే తూచి పాత వాటర్ క్యాన్లలో పోసి పెట్టా, పొద్దున లేబర్‌కి చెప్పింది ఒక్కటే, ట్రిప్పుకో క్యాన్. దుమ్ము లేదు, ఉండల్లేవు, రంగు తొందరగా కలిసిపోయింది. ఇక్కడే రెండు చోట్ల మోసపోయే ఛాన్స్ ఉంది, జాగ్రత్త.

మొదటిది, లిక్విడ్ డబ్బాలో నీళ్ళు కూడా ఉంటాయి. మాది సగం రంగు సగం నీళ్ళు, అంటే 2 కిలోల రంగు పడాలంటే 4 కిలోల లిక్విడ్ పోయాలి, దాంతో పాటు 2 లీటర్ల నీళ్ళు మాల్‌లోకి పోతాయి. బస్తాకి 25 లీటర్ల నీళ్ళు లెక్క వేసుకుంటే ఇప్పుడు 23 మాత్రమే పోయాలి. అది తగ్గించకపోతే పొడితో చేసిన తప్పే లిక్విడ్‌తోనూ చేసినట్టు, రంగూ తేలుతుంది, గట్టితనమూ పోతుంది. రెండోది, లీటర్ అంటే కిలో అనుకోవద్దు, ఆక్సైడ్ బరువైంది కాబట్టి సగం-సగం ఉన్న ఎర్ర లిక్విడ్ లీటర్ దాదాపు కిలోన్నర పైనే తూగుతుంది. కాంటా మీద తూచాల్సిందే. ఇంకా, డబ్బా అడుగున రంగు పేరుకుంటుంది, కర్రతో అడుగు దాకా కలపకుండా పోస్తే మొదటి ట్రిప్పు లేత, చివరి ట్రిప్పు ముదురు.

రేటు చూస్తే లిక్విడ్ ఎక్కువే, ఎందుకంటే కిలోకి కట్టే డబ్బుల్లో సగం నీళ్ళకి కడుతున్నాం. డబ్బాల రేట్లు పక్కపక్కన పెట్టి చూడకండి, అసలు రంగు కిలోకి ఎంత పడుతుందో చూడండి. నన్ను అడిగితే ఆదా చేసేది వేరే చోట ఉంది, 4 అంగుళాలూ రంగు కలపడం శుద్ధ దండగ. కింద మామూలు కాంక్రీట్ పోసి, అది పూర్తిగా గట్టిపడకముందే పైన అంగుళంన్నర రంగు మాల్ వేయించి ఉంటే 22 బస్తాల బదులు 8, 9 బస్తాలకే రంగు సరిపోయేది. అమ్మమ్మ వాళ్ళ గచ్చు కూడా అంతే, పైన పల్చటి పొర, ఒక గది ఒక్క పూటలో, ఒక్క మేస్త్రి చేత్తో. అందుకే పొడి అయినా తేడా రాలేదు.

సో నా లెక్క ఇది. ఒకటి రెండు ట్రిప్పుల్లో అయిపోయే పని, మెట్లు, చిన్న అరుగు, పూలకుండీలు లాంటివి, పొడి చాలు, కాకపోతే ముందు సిమెంట్‌తో పొడిగానే కలిపి జల్లించండి, లేదా మిల్లర్‌లో కంకర, కొంచెం నీళ్ళు, రంగు వేసి కాసేపు తిప్పాక సిమెంట్ వేయండి, కంకరే ఉండల్ని నలిపేస్తుంది. పది ట్రిప్పులు దాటే పనైతే కళ్ళు మూసుకుని లిక్విడ్. రెడీమిక్స్ తెప్పిస్తుంటే కూడా లిక్విడే, ప్లాంట్‌లోనే వేయించండి, ఇంటి ముందు బండి ఆపి పొడి గుమ్మరిస్తే ఎంత కలిసిందో ఎవడికీ తెలీదు.

ఎంత వేయాలి అంటే, అమెరికా వాళ్ళ ఏఎస్‌టీఎం సీ979 స్టాండర్డ్ సిమెంట్ బరువులో 10 శాతం దాటొద్దంటుంది, కానీ 5, 6 దాటాక ఎంత పోసినా రంగు పెద్దగా ముదరదు, డబ్బులే పోతాయి. పసుపు, లేత రంగులు కావాలంటే గ్రే సిమెంట్‌తో మురికిగా కనిపిస్తాయి, వైట్ సిమెంట్ తప్పదు, అప్పుడు బడ్జెట్ వేరే.

నీలం, ఆకుపచ్చ దగ్గర మాత్రం ఆగి అడగండి. క్రోమియం ఆక్సైడ్ ఆకుపచ్చ, కోబాల్ట్ నీలం ఎండకి నిలుస్తాయి, కోబాల్ట్ బాగా ఖరీదు. చవగ్గా దొరికే థాలో (థాలోసయనిన్ అనే ఆర్గానిక్) రంగులు బయట ఎండలో వెలిసిపోతాయి. నలుపు లిక్విడ్‌లో కార్బన్ బ్లాక్ ఉందా, ఐరన్ ఆక్సైడా అనేది కూడా అడగండి, కార్బన్ బ్లాక్ మొదట్లో నిగనిగలాడుతుంది కానీ వానలకి మెల్లగా కడుక్కుపోతుంది. ఇంకో సంగతి, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగితే ఒక షాపులో గోడ పెయింట్‌లో కలిపే స్టెయినర్ సీసాలు చూపించి "ఇదే లిక్విడ్ కలర్" అన్నారు. అది పెయింట్ కోసం చేసింది, కాంక్రీట్‌కి తీసుకోకండి. (యాసిడ్ స్టెయిన్ సంగతి అడిగేవాళ్ళకి: అది గట్టిపడ్డాక పైన కొట్టేది, మచ్చలు మచ్చలుగా రాయి లాగా వస్తుంది, ఒకే రంగు కావాలంటే అది పనికిరాదు.)

ఏ రంగైనా క్యూరింగ్‌లో (గట్టిపడేదాకా తడిగా ఉంచే రోజుల్లో) పాడవ్వొచ్చు. మళ్ళు కట్టి నీళ్ళు నిలబెడితే మళ్ళ గీతలు ఉండిపోతాయి, గోనెసంచులు పరిస్తే వాటి మరక దిగుతుంది, మా బోరు నీళ్ళు ఆరితే తెల్లటి పొర. దానికి తోడు సిమెంట్‌లోంచి వచ్చే సున్నం గాలి తగిలి పైన తెల్లగా తేలుతుంది, చాలామంది దాన్ని చూసే "రంగు పోయింది" అనుకుంటారు, రంగు దాని కిందే ఉంటుంది. సిటౌట్‌కి క్యూరింగ్ కాంపౌండ్ (లోపలి తడి ఆరిపోకుండా పైన కొట్టే ద్రవం) స్ప్రే చేయించా, నెల రోజుల తర్వాత గానీ అసలు రంగు ఏంటో తెలీలేదు.

డబ్బాలో ఇంకో నాలుగైదు కిలోల లిక్విడ్ మిగిలింది, గేటు ముందు ర్యాంప్‌కి బస్తా సిమెంట్ సరిపోతుంది, దానికే వాడేస్తా. మొన్న మూత తీస్తే పైన ఎర్రనీళ్ళు, అడుగున గట్టి ముద్ద, అరగంట కలిపితే గానీ దారికి రాలేదు.