దీక్ష యాప్: కొత్త టీచర్లకు నేను మొదట చెప్పేది

మెగా డీఎస్సీలో ఎంపికై మా బడికొచ్చిన కొత్త మేడమ్ ఫోన్‌లో నేను మొదట వేయించిన యాప్ ఇదే. కేంద్రం 2017లో తెచ్చింది, ఉచితం. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియోలు వస్తాయి. మా ఊళ్లో సిగ్నల్ అంతంతమాత్రం కాబట్టి రాత్రే ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకోమన్నాను.

అయితే వీడియో మొత్తం ఒక్కసారే వేసేయకండి. భిన్నాల పాఠం మధ్యలో ఆపి, "రొట్టెలో సగానికి సగం ఎంతరా?" అని అడగండి. వెనక బెంచీ పిల్లాడు నోట్సు కాగితం నాలుగు మడతలేసి చూపిస్తాడు. నాకు కావలసింది అదే.

ఇంట్లో నేను పప్పుకి తిరగమోత పెడుతుంటే మా అమ్మాయీ నా ఫోన్‌లో ఇవే చూస్తుంది. తను అడిగే ప్రశ్నలతోనే మర్నాడు నా క్లాసు మొదలుపెడతాను. టీచరు పక్కనుంటే ఐదు స్టార్లు, పిల్లల చేతికి వదిలేస్తే మూడే.