నోటిలెక్క తప్పినవాడి మాట విన్న కర్నూలు న్యూరో క్లినిక్

నేను ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కమీషన్ కొట్టు గుమాస్తాను. తూకం, రేటు చెబితే చాలు, ఖర్చులు పోగా రైతుకు రావాల్సింది నోటిమీదే చెప్పేవాణ్ని. 2021 మే నెలలో కరోనా వచ్చింది. రెండ్రోజులు జ్వరం, కొన్నాళ్లు వాసన తెలియలేదు. అంతే, ఇంట్లోనే తగ్గింది. నోటిలెక్క మాత్రం తిరిగి రాలేదు. ఏళ్లుగా ఎరిగిన రైతు ఎదురుగా నిలబడితే పేరు తోచదు. నాలుగు చీటీలు రాసేసరికి తల మొద్దుబారిపోతుంది. మొదట చూసిన డాక్టరు టెన్షన్ అని నిద్రమాత్ర రాసి పంపేశాడు.

చివరికి గాయత్రీ ఎస్టేట్‌లోని ఒక న్యూరో క్లినిక్‌కు వెళ్లాను. డాక్టరమ్మ మొదట అడిగింది, "ఇదివరకు చేసే ఏ పని ఇప్పుడు కష్టమవుతోందన్నా?" అని. తర్వాత మా ఇంటామె వైపు తిరిగి, "నువ్వేం గమనించావమ్మా?" అంది. బీ12, థైరాయిడ్, షుగర్ చూపించి, అవి బాగున్నాక జ్ఞాపకం, ధ్యాస ఎలా ఉన్నాయో చూసే మోకా అనే 30 మార్కుల పరీక్ష పెట్టించింది. అదీ తెలుగులోనే. గడియారం గీయాలి, ఐదు మాటలు విని కాసేపయ్యాక అప్పజెప్పాలి. 100 నుంచి ఏడేసి తీసేస్తూ రమ్మన్నారు. 93, 86... అక్కడే ఆగిపోయాను. లక్షల లెక్కలు చూసిన మనిషిని, చెమటలు పట్టాయి. పరీక్ష పెట్టిన అమ్మాయి కొంచెం కూడా తొందరపెట్టలేదు. 23 వచ్చాయి. 26 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే మామూలట.

ఆసుపత్రిలో చేరనివాళ్లకూ ఇలా ఉంటుందని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఇంగ్లండులో లక్షమందికి పైగా చేసిన పరీక్షల ఫలితాలు 2024లో వచ్చాయట. కరోనా రానివాళ్లతో పోలిస్తే పూర్తిగా కోలుకున్నవాళ్లలోనూ సగటున ఐక్యూ, అంటే తెలివితేటల కొలత, 3 పాయింట్లు తక్కువ, లక్షణాలు వదలనివాళ్లలో 6. "ఈయన సాకులు చెప్పడం లేదమ్మా" అని మా ఇంటామెతో అంది. ఆ ఒక్క మాటకు నా కళ్లు తడిశాయి.

దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదని సూటిగా చెప్పింది, జ్ఞాపకశక్తి టానిక్కులేవీ అంటగట్టలేదు. పెద్ద లెక్కలు పొద్దునే చూడమంది. తల బరువెక్కకముందే ఆగమంది, రాసేటప్పుడు ఫోన్ దూరంగా పెట్టమంది. మొన్నటి పత్తి సీజనంతా అలాగే చేశాను. చీటీల్లో తప్పులు బాగా తగ్గాయి. పేర్లు ఇంకా తడబడుతూనే ఉన్నాయి.

లోపాలూ ఉన్నాయి. ఫోన్లో ఇచ్చిన టోకెన్ వరస పాటించరు. హాల్లో టీవీ మోతకు నాలాంటివాడి తల ఇంకా తిరుగుతుంది. రిపోర్టు ఇంగ్లీషులోనే ఇస్తారు. అన్నిటికన్నా పెద్ద కొరత, జ్ఞాపకానికి, ధ్యాసకు సాధన చేయించే మనిషి అక్కడ లేరు. హైదరాబాదు వెళ్లమన్నారు. రోజుకూలి మనిషి ఎన్నిసార్లు పోగలడు? కర్నూలులోనే ఆ ఏర్పాటు ఉండాలి.

ఐదుకు నాలుగిస్తాను. వెళ్లేవాళ్లు పాత రిపోర్టులు, వాడే మాత్రల చీటీ పట్టుకెళ్లండి. ఇంట్లోవాళ్లను ఒకరిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి, మనం మరిచినవి వాళ్లు చెబుతారు. పరీక్షను పొద్దుటి పూటకే అడిగి పెట్టించుకోండి, బస్సు దిగి అలసటతో నేరుగా కూర్చోవద్దు.