మిస్సింగ్ బండికి వెయ్యి లోపు స్కానర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ముందే చెప్పేస్తా. ఈ బ్లూటూత్ ఓబీడీ స్కానర్, అంటే బండి కంప్యూటరులో పడిన లోపాల కోడ్‌లను ఫోన్లో చూపించే పరికరం, బండిని బాగుచెయ్యదు. ఏ పార్టు పోయిందో కూడా చెప్పదు. మిస్సింగ్ అంటే ఏదో ఒక సిలిండర్లో ఇంధనం మండకపోవడం, మా భాషలో ఆ సిలిండరు కొట్టకపోవడం. నాలుగు సిలిండర్లలో ఏది కొట్టడం లేదో, అది కొట్టనప్పుడు ఇంజిన్ ఎంత వేడి మీద, ఎంత లోడు మీద ఉందో చెబుతుంది. అంతే. ఆ కాస్తకే దీనికి పెట్టిన డబ్బు ఎప్పుడో తిరిగొచ్చింది.

ఎందుకంటే ఇంజిన్ మిస్సింగ్ కొడుతోందని బండి షెడ్డులో పెడితే మామూలుగా జరిగేదేంటో అందరికీ తెలిసిందే. ముందు ప్లగ్గులు మారుస్తారు. తగ్గకపోతే ఆ ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిల్స్ సెట్టు. అప్పటికీ తగ్గకపోతే ఇంజెక్టర్ల క్లీనింగ్. ఆ తర్వాత "పెట్రోలు పంపు ఒకసారి చూద్దామన్నా" అంటారు. ఎక్కడో ఒకచోట తగ్గుతుంది. దేనివల్ల తగ్గిందో ఎవరికీ తెలియదు గానీ బిల్లు మాత్రం అన్నిటికీ కట్టాలి.

నాది పెట్రోలు మీదా సీఎన్‌జీ మీదా నడిచే చిన్న పికప్పు. బీఎస్6, నాలుగు సిలిండర్లు, ఒక్కో ప్లగ్గు నెత్తిన ఒక్కో కాయిల్. పొదలకూరు నుంచి నిమ్మకాయల బస్తాలు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలకు మేత బస్తాలు, మధ్యలో ఏ కిరాయి తగిలితే అది. ఒకరోజు దుమ్ము, ఒకరోజు ఉప్పుగాలి. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇక్కడ చెప్పే రోగాలు ఏ పెట్రోలు బండికైనా వచ్చేవే.

స్కానర్ సంగతి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉంటుంది. స్టీరింగ్ కింద డాష్‌బోర్డు అడుగున 16 పిన్నుల సాకెట్టు ఉంటుంది, దాంట్లో గుచ్చి, తాళం ఆన్ చేసి, ఫోన్లో బ్లూటూత్ కలపాలి. పిన్ అడిగితే 1234 గానీ 0000 గానీ. ఆండ్రాయిడ్‌లో ఏ తంటా లేదు. ఐఫోన్ వాళ్లకు మామూలు బ్లూటూత్ రకం కలవదు, బీఎల్ఈ అనో వైఫై అనో రాసి ఉన్నది తీసుకోవాలి. డబ్బా మీద ఈఎల్ఎం327 అని లోపలి చిప్పు పేరు, పక్కన 1.5 అనో 2.1 అనో ఉంటుంది. నంబరు పెద్దదైతే సరుకు మంచిదనుకోవద్దు. ఈ ధరలో దొరికేవి దాదాపు అన్నీ నకళ్లే. 2.1 అని ఉన్నవాటిలో చాలావాటికి కొన్ని కమాండ్లు అసలు తెలియనే తెలియవు. మా బావమరిది తెచ్చుకున్నది అట్టాంటిదే, కలుస్తుంది, రెండు నిమిషాలకు తెగిపోతుంది. తిరిగి ఇచ్చే వీలున్న చోటే కొనండి.

ఇంకో మాట, పని అయ్యాక పీకేయండి. ఆ సాకెట్టులో ఒక పిన్నుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. బండి నాలుగు రోజులు కదలకపోతే స్కానర్ నిదానంగా బ్యాటరీని పీల్చేస్తుంది.

ఇక అసలు పని. దీని విలువ తెలిసింది రాపూరు నుంచి చిట్వేలు పోయే ఘాట్‌లో. లోడు మీద, గ్యాస్ మీద, మూడో గేరులో ఎక్కుతుంటే జర్కులు మొదలయ్యాయి. ఇంజిన్ లైటు వెలగడమే కాదు, మిణుకు మిణుకుమని కొట్టుకుంటోంది. ఈ తేడా డ్రైవర్లందరికీ తెలియాలి. లైటు నిలకడగా వెలిగితే వీలు చూసుకుని చూపించుకోవచ్చు. కొట్టుకుంటుంటే మాత్రం యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయాలి. కాలని ఇంధనం, గాలి కలిసి సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతాయి. లోపలున్న తేనెతుట్టె లాంటి దిమ్మె ఆ వేడికి కరిగిపోతుంది. కాయిల్ ఖర్చు ఎంత, కన్వర్టర్ ఖర్చు ఎంత అని ఒకసారి అడిగి చూడండి, తెలుస్తుంది.

పెట్రోలుకు మార్చాను. జర్కులు చాలావరకు తగ్గాయి. పక్కకు ఆపి స్కానర్ పెడితే పి0302 అని వచ్చింది. పి0300 అంటే ఫలానా సిలిండరని చెప్పలేనిది. పి0301 నుంచి చివరి అంకెను బట్టి ఆ సిలిండరు. అంటే మనది రెండోది. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటి ఉంటుంది. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ స్పీడు, లోడు, నీళ్ల వేడి, బండి వేగం అన్నీ అందులో రాసి ఉంటాయి. ఇంజిన్ బాగా వేడెక్కి ఉంది, లోడు బాగా ఎక్కువ. దాన్ని ఫోటో తీసి పెట్టుకున్నా. కోడ్ చెరిపితే ఇది కూడా చెరిగిపోతుంది. చాలా షెడ్లలో బండి రాగానే బ్యాటరీ టెర్మినల్ పీకేస్తారు. దాంతో ఉన్న ఒక్క సాక్ష్యమూ పోతుంది.

మరుసటి రోజు పొదలకూరులో మా మెకానిక్ దగ్గరికి పోతే "సెట్టు వేసేద్దాంలేన్నా, ఒకటి పోతే మిగతావీ అదే దారి" అన్నాడు. "సెట్టు తర్వాత సంగతి అబ్బయా, ముందు రెండోదాని కాయిల్ తీసి మూడోదానికి పెట్టు, మూడోది ఇక్కడ పెట్టు" అన్నా. వింతగా చూశాడు గానీ పెట్టాడు. ఒక్క బోల్టు, ఒక కనెక్టర్ లాకు, అయిదు నిమిషాల పని. ప్లగ్గులు మాత్రం కదిలించనివ్వలేదు. ఒకేసారి రెండూ మారిస్తే తేలేదేమీ ఉండదు. కోడ్ చెరిపి, లోడు వేసుకుని మళ్లీ ఎత్తు ఎక్కించాం. ఈసారి పి0303. రోగం కాయిల్‌తో పాటే నడిచి మూడో ఇంటికి వెళ్లింది.

కాయిల్ బయటికి తీసి దాని అడుగున ఉన్న రబ్బరు గొట్టాన్ని ఎండలో తిప్పి చూశాం. లోపల వెంట్రుక మందాన బూడిదరంగు గీత, పై నుంచి కింది దాకా. రెండో సిలిండరు ప్లగ్గు తీస్తే దాని తెల్లటి పింగాణీ మీద సరిగ్గా ఆ గీతకు ఎదురుగా పెన్సిలుతో గీసినట్టు ఇంకో గీత. నిప్పురవ్వ ప్లగ్గు మొన దాకా పోకుండా ఆ దారిన ఇంజిన్ బాడీలోకి జారిపోతోందన్నమాట. అందుకే కాయిల్‌తో పాటు ఆ ప్లగ్గు కూడా మార్పించా. గీత పడిన పాత ప్లగ్గే ఉంచితే కొత్త రబ్బరుకూ అదే దారి నేర్పుతుంది.

మరి స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, నున్నగా తిరిగిన బండి ఘాట్‌లోనే ఎందుకు మొరాయించింది? లోడు పెరిగితే సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు గ్యాపు దాటడానికి నిప్పురవ్వకు ఎక్కువ వోల్టేజి కావాలి. పెట్రోలు కంటే సీఎన్‌జీకి ఇంకా ఎక్కువ కావాలి. దాటలేని కరెంటు సులువైన దారి వెతుక్కుంటుంది. గ్యాస్ బండ్లలో ఇగ్నిషన్ బలహీనత ముందుగా గ్యాస్ మీదే బయటపడేది ఇందుకే. ప్లగ్గు గ్యాపు కూడా మాన్యువల్లో గ్యాస్ బండికి చెప్పినంతే పెట్టించుకోవాలి, షాపువాడు డబ్బాలోంచి తీసి ఇచ్చినట్టే బిగించకూడదు.

ఒకవేళ కాయిల్ మార్చినా కోడ్ రెండో నంబరులోనే ఉండి ఉంటే? అప్పుడు ప్లగ్గు మార్చి చూడాలి, తర్వాత ఇంజెక్టరు, తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత బిగువుగా నొక్కుకుంటోందో. రెండు ఇంధనాల బండి ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక అదృష్టం ఉంది. పెట్రోలు ఇంజెక్టర్లు వేరు, గ్యాస్ ఇంజెక్టర్లు వేరు. కాయిలూ ప్లగ్గూ మంచివని తేలాక, మిస్సింగ్ గ్యాస్ మీదే వస్తుంటే గ్యాస్ ఇంజెక్టరో ఫిల్టరో, పెట్రోలు మీదే వస్తుంటే పెట్రోలు ఇంజెక్టరో చూసుకోవచ్చు. డాష్‌బోర్డు మీద పెట్రోలుకూ గ్యాస్‌కూ మార్చే ఆ చిన్న స్విచ్చు స్కానర్ కంటే ముందు వాడాల్సిన పరికరం.

పాత బండ్లకు ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటీ లాగి, ఏది లాగితే ఇంజిన్ చప్పుడు మారదో చూసేవాళ్లు. కాయిల్ బండ్లలో ఆ పని చెయ్యొద్దు. నడుస్తున్న ఇంజిన్ మీద కాయిల్ పైకి లాగితే షాకు కొడుతుంది, కాయిలూ పోవచ్చు. చూడాలనుకుంటే ఇంజెక్టర్ కనెక్టర్ పీకి చూడొచ్చు. స్కానర్ ఉంటే ఆ అవసరమూ పెద్దగా రాదు.

స్కానర్ చెప్పేదంతా వేదం కాదు. బండిలో మిస్‌ఫైర్‌ను (అదే మిస్సింగ్‌ను) చూసే కన్ను వేరే లేదు. పిస్టన్లు తోస్తే తిరిగే ఇరుసే క్రాంకు, దాని పళ్ల చక్రాన్ని క్రాంక్ సెన్సార్ గమనిస్తుంటుంది. సిలిండరు కొట్టిన ప్రతిసారీ క్రాంకుకు ఒక తోపు వస్తుంది, కొట్టకపోతే ఆ క్షణం చక్రం కాస్త వెనకబడుతుంది. ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు, ఆ వెనకబాటును లెక్కపెడుతుంది. గుంతల రోడ్డు మీద చక్రాల అదురు క్రాంకు దాకా వచ్చినా అదే కనిపించే వీలుంది. మా ఊరి రోడ్ల మీద ఒకసారి వచ్చి మళ్లీ రాని పి0300 ని నేను పట్టించుకోను. యాప్‌లో ఆరో మోడ్ అని ఉంటే, బండి ఇస్తే, సిలిండరు వారీగా మిస్‌ఫైర్ల లెక్క కనిపిస్తుంది. కోడ్ పడకముందే ఏది వెనకబడుతోందో అందులో తెలుస్తుంది. నేను ఎక్కువగా చూసేది అదే.

రొయ్యల గుంటల దగ్గర తగిలిన తంటా అక్కడే పట్టుబడింది. కార్తీకమాసం వానల్లో, తెల్లవారి పూట మాత్రమే నాలుగో సిలిండరు లెక్క పెరిగేది, ఎండెక్కాక ఆగిపోయేది. కాయిల్ మార్చి చూస్తే లెక్క నాలుగులోనే ఉండిపోయింది. కనెక్టర్ విప్పితే ఒక పిన్ను మీద పచ్చగా చిలుము. ఉప్పుగాలి, తేమ కలిసి చేసిన పని. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి తుడిస్తే సరిపోయింది. ఉప్పుకాగితం పెట్టి రుద్దనివ్వొద్దు, పిన్ను మీది పూత పోతే చిలుము ఇంకా తొందరగా పడుతుంది. వాటర్ సర్వీసింగ్ వాళ్లకు కూడా ఇంజిన్ మీద గన్ను పెట్టొద్దని చెప్పండి. ప్లగ్గు గుంతల్లో నీళ్లు నిలిస్తే మర్నాడు పొద్దున కాయిల్ పోయినట్టే అనిపిస్తుంది.

ఫ్యూయల్ ట్రిమ్ గురించి క్లుప్తంగా. ఈసీయూ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే అంకె ఇది. అన్ని సిలిండర్లూ కొంచెం కొంచెం మిస్సవుతుంటే దీన్నే చూడాలి. సున్నాకు అటూ ఇటూ పది శాతంలోపు ఉంటే కంగారు పడక్కర్లేదు. ప్లస్ ఇరవై దాటితే ఈసీయూ ఇంధనం చాలక కలుపుతోందన్నమాట. స్లోలో ఎక్కువగా ఉండి రేసు చేస్తే తగ్గితే ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి వస్తోంది. రేసు, లోడు పెరిగేకొద్దీ పెరిగితే ఇంధనమే సరిగా అందడం లేదు, ఫిల్టరో పంపో చూడాలి.

స్కానర్ చేతులెత్తేసింది మాత్రం ఒకచోట. ఒకటో సిలిండరు, స్లోలోనే మిస్సింగ్, రేసు చేస్తే నున్నగా అయిపోయేది, గ్యాస్ మీదా పెట్రోలు మీదా అదే తీరు. కాయిల్ మార్చినా, ప్లగ్గు మార్చినా కోడ్ పి0301 నుంచి కదల్లేదు. కంప్రెషన్ కొలిచే సెన్సారు బండిలో ఉండదు కాబట్టి ఫోన్లో కనిపించేది ఇంకేమీ లేదు. నెల్లూరు ఆటోనగర్‌లో కంప్రెషన్ గేజి పెట్టించా. మూడు సిలిండర్లు దగ్గర దగ్గరగా, ఒకటోది బాగా కింద. మేస్త్రి ప్లగ్గు రంధ్రంలో కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిచాడు. ముల్లు లేస్తే రింగులు, లేవకపోతే వాల్వు. లేవలేదు. కవరు విప్పి, సందు కొలిచే పలుచటి ఆకుల ఫీలర్ గేజి పెడితే ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర అన్నిటికంటే పలుచటి ఆకు కూడా దూరలేదు. సీఎన్‌జీ పొడిగా మండే ఇంధనం. ఏళ్ల మీద వాల్వు సీటు అరిగి వాల్వు పైకి లేస్తుంది, వాల్వు పూర్తిగా మూసుకునేందుకు వదిలే సందు, అంటే టాపెట్ గ్యాపు, మూసుకుపోతుంది, వాల్వు పూర్తిగా కూర్చోదు. పలుచటి టాపెట్ వేసి గ్యాపు సెట్ చేశాక కంప్రెషన్ తిరిగొచ్చింది. ఇంకొన్నాళ్లు వదిలేసి ఉంటే వాల్వు అంచు కాలి, హెడ్డు దించాల్సి వచ్చేది. గ్యాస్ మీద ఎక్కువగా తిప్పేవాళ్లు మాన్యువల్లో టాపెట్ చెకింగ్ ఎన్ని కిలోమీటర్లకు అని ఉందో చూసి, ఆ పని చేయించుకోండి. సర్వీసుల్లో ఎవరూ గుర్తు చెయ్యని పని ఇది.

అయిదుకు నాలుగు ఇస్తా. ఒకటి తగ్గించింది నకళ్ల గొడవకు, ఎండలో డాష్‌బోర్డు వేడెక్కితే బ్లూటూత్ తెగిపోయే జబ్బుకు. మా మెకానిక్ మొదట్లో "నువ్వే డాక్టరువైపోతే మేమేం చెయ్యాలన్నా" అని ఎగతాళి చేసేవాడు. ఇప్పుడు అతని దగ్గరా ఒకటుంది, బండి రాగానే టెర్మినల్ పీకడం మానేశాడు.

డీజిల్ పికప్పు ఉన్నవాళ్లు అడుగుతుంటారు. మిస్సింగ్ కోసమైతే వద్దంటాను. దాంట్లో కాయిల్స్, నిప్పురవ్వ ప్లగ్గులు ఉండవు, కథంతా ఇంజెక్టర్ల దగ్గరే. ఒక్కో ఇంజెక్టరుకు ఈసీయూ ఎంత సర్దుబాటు చేస్తోందో చూడాలి, మామూలు యాప్‌లలో ఆ అంకెలు సాధారణంగా రావు. దానికి కంపెనీ స్కానరో ఆటోనగర్‌లో ఉండే పెద్ద మిషనో కావాలి. పెట్రోలు, గ్యాస్ బండి వాళ్లు కొనొచ్చు. కొనేటప్పుడు దాంతో పాటు ఒక కంప్రెషన్ గేజి కూడా తీసుకుంటే షెడ్డుకు పోయేసరికి సగం పని మీ చేతిలోనే అయిపోయి ఉంటుంది.