ఫించ్ ముక్కా, పత్తి పురుగా?

పదో తరగతి పిల్లలకు ప్రకృతి వరణం (పరిస్థితికి తగిన గుణమున్న జీవులే ఎక్కువగా మిగిలి, ఆ గుణం సంతతికి చేరడం) చెప్పాలంటే నా ముందు రెండు ఉదాహరణలుంటాయి: గాలపాగోస్ దీవుల ఫించ్ పక్షులు, మా వరంగల్ పత్తి చేలలో గులాబీ రంగు పురుగు.

దీవితో ఉన్న సుఖం, కొలిచిన లెక్కలు దొరకడం. డాఫ్నే మేజర్ గాలపాగోస్‌లో ఒక చిన్న దీవి. జీవశాస్త్రవేత్తలు పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి అక్కడి పక్షుల కాళ్లకు రింగులు తొడిగి, ముక్కులు కొలిచారు. 1977లో కరువొచ్చింది. మెత్తని చిన్న గింజలు అయిపోయి, పల్లేరు జాతి ముళ్లకాయలు మిగిలాయి. (చేను గట్ల మీద చెప్పుల్లేకుండా నడిచినవాళ్లకు అవెంత గట్టివో చెప్పక్కర్లేదు.) వాటిని పగలగొట్టగల పెద్ద ముక్కు పక్షులే ఎక్కువగా బతికాయి, పిల్లలకూ ఆ ముక్కే వచ్చింది. ఏ పక్షీ కష్టపడి ముక్కు పెంచుకోలేదు. 1983లో కుండపోత వానలు పడ్డాక చిన్న గింజలు పెరిగాయి. ఈసారి లాభం చిన్న ముక్కులకు.

పురుగు కథ పిల్లలకు ఇంటిదే. పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునే బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. విషాన్ని తట్టుకునే కొద్ది పురుగులు మిగిలి, సంతతిని పెంచాయి. ఒకప్పుడు చేను చుట్టూ వేయమని విడిగా ఇచ్చిన నాన్ బీటీ విత్తనం అందుకే: మామూలు పురుగులూ బతికుంటే, జతకట్టి ఆ గుణాన్ని పలచన చేస్తాయి. ఆ ప్యాకెట్ చాలా ఇళ్లలో మూలనే ఉండేది.

చిక్కేమిటంటే, "పురుగుకు అలవాటైంది సార్" అంటారు పిల్లలు, అదేదో నేర్చుకున్నట్టు. ఆ అపోహ పోగొట్టాలంటే మళ్లీ ముక్కుల దగ్గరికే రావాలి. అందుకే పత్తితో మొదలుపెట్టి దీవికి వెళ్తాను. ఒక్క పీరియడే ఉంటే మాత్రం దీవే.