పాత బీటిల్ తుప్పు పని: కన్వర్టర్, వెల్డింగ్, వ్యాక్స్ ఏళ్ల తరబడి వాడాక

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ బాడీ మీద తుప్పు పని చేస్తూ రకరకాల మందులు, పద్ధతులు వాడాను. చేసిన కొత్తలో అన్నీ బాగానే కనిపిస్తాయి. కొన్ని వానాకాలాలు దాటితే గానీ ఏది నిలిచిందో, ఏది నిలవలేదో తేలదు. ఇప్పుడు తేలింది కాబట్టి రాస్తున్నాను. తుప్పు కన్వర్టర్‌కి (తుప్పు మీద పూస్తే దాన్ని వేరే పదార్థంగా మార్చే మందుకి) ఉన్న పేరు దాని పనితనం కంటే పెద్దది. కోసి కొత్త రేకు అతకడమే అసలు మరమ్మతు. ఎవరూ పెద్దగా పట్టించుకోని క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల కొట్టే మైనం పూత) మాత్రం ఆ మరమ్మతుని ఏళ్ల తరబడి కాపాడుతుంది.

ఎందుకో అర్థం కావాలంటే తుప్పు ఎటునుంచి వస్తుందో చూడాలి. బీటిల్‌లో తలుపుల కింద రెండు పక్కలా పెట్టెల్లాంటి హీటర్ చానెళ్లు ఉంటాయి. వెనక ఇంజన్ దగ్గర వేడెక్కిన గాలి వీటిలోంచే ముందుకి వస్తుంది, బాడీకి బలమూ వీటివల్లే. లోపల తడి చేరితే బయటి రంగు చెక్కు చెదరకుండానే రేకు లోపలినుంచి పలచబడిపోతుంది. రంగు మీద పొక్కు లేచేసరికి ఆ చోట రేకు దాదాపు మిగలదు. వెనక సీటు కింద ఉండే బ్యాటరీదీ అదే కథ. యాసిడ్ కారి కింద ఫ్లోర్ పాన్‌ని, అంటే కారు అడుగు రేకుని, తినేయడం ఈ కారున్నవాళ్లందరికీ తెలిసిన బాధే. నేను కొలతగా పెట్టుకున్నది స్క్రూడ్రైవర్ పిడి. దానితో కొడితే మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట మొనతో గట్టిగా పొడవాలి. దిగిపోతే ఇక అక్కడ ఏ మందూ పనిచేయదు.

కన్వర్టర్లలో ఫాస్ఫారిక్ యాసిడ్ రకమూ, టానిక్ యాసిడ్ రకమూ రెండూ వాడాను. మొదటిది తుప్పుని ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది, రెండోది ఐరన్ టానేట్‌గా. టానిక్ రకం పూస్తే ఎర్రటి తుప్పు కళ్ల ముందే నీలం కలిసిన నలుపుకి తిరుగుతుంది. అలా నల్లబడడం చూసి తుప్పు చచ్చిందనుకుంటాం. నిజానికి మందు తగిలినంత మేరే మారుతుంది. పెచ్చుల కింద, గుంటల అడుగున ఉన్నది అలాగే ఉంటుంది. పోయిన మందం ఎలాగూ తిరిగి రాదు.

తలుపు లోపలివైపు, రేకు గట్టిగా ఉండి పైన సన్నటి గుంటలు మాత్రమే పడిన చోట వైర్ బ్రష్‌తో రాలినంతా రాల్చి పూసిన కన్వర్టర్ ఇప్పటికీ నిలిచి ఉంది. అదే మందు చక్రం పైన మడత అంచుకి పూస్తే కొన్ని వానలకే ఆ గీత పొడవునా గోధుమరంగు చార తిరిగొచ్చింది. అక్కడ రెండు రేకులు చుక్కలు చుక్కలుగా వేసే స్పాట్ వెల్డింగ్‌తో అతికి ఉంటాయి, వాటి మధ్యకి ద్రవం పూర్తిగా దిగదు. పైగా తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, జోడు రేకుల మధ్య ఉబ్బి వాటిని విడదీస్తుంది. ఇంకొకటి: కన్వర్టర్ మీద ఏ ప్రైమర్ వేస్తున్నామో ముందే చూసుకోవాలి. చాలా ఎపాక్సీ ప్రైమర్లకి కింద యాసిడ్ మిగిలి ఉంటే పడదు. ఎపాక్సీకి నేనైతే శుభ్రంగా గీరి, గ్రీజు తుడిచిన ఉత్త రేకే ఇస్తాను.

విప్పదీయగలిగిన చిన్న భాగాలకి, అంటే బ్రాకెట్లు, సీటు పట్టాల వంటివాటికి, కన్వర్టర్ అవసరమే లేదు. వాషింగ్ సోడా కలిపిన నీళ్లలో ముంచి, బ్యాటరీ చార్జర్ నెగటివ్ తీగ ఆ భాగానికి, పాజిటివ్ పనికిరాని ఇనప ముక్కకి తగిలిస్తే తుప్పు వదిలిపోతుంది, మంచి ఇనుము అలాగే ఉంటుంది. పాజిటివ్‌కి స్టెయిన్‌లెస్ స్టీల్ మాత్రం పెట్టకూడదు, విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు నీళ్లలోకి వస్తాయి. హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి గాలి ఆడేచోటే చేయాలి.

ఇక వెల్డింగ్. బాడీ రేకు మందం చాలా చోట్ల 0.8, 0.9 మి.మీ. దగ్గర ఉంటుంది. 0.6 మి.మీ. తీగ, ఆర్గాన్‌తో కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్ వాడే మిగ్ వెల్డర్ (తీగ దానంతటదే వస్తూ కరిగి అతికే యంత్రం) ఈ పనికి బాగా సరిపోయింది. తుప్పు కనిపించినంత వరకే కోస్తే చాలదు. మెరిసే రేకు వచ్చి, ఇంకా కొంత దాటాక కోయాలి. అంచున పలచటి రేకు మిగిలితే ఆర్క్ తగలగానే చిల్లు పడి, అతుకు పెరుగుతూ పోతుంది.

కొత్త ముక్కని పాతదాని మీద ఎక్కించి అతకడం తేలికే. కానీ ఆ రెండు పొరల మధ్య తడి నిలిచి, మళ్లీ అక్కడే తుప్పు మొదలవుతుంది. పైకి కనిపించే రేకు మీద నేను అంచుకి అంచు ఆనించే అతుకుతాను. మధ్యలో రేకు మందమంత సందు వదిలి, ఒక చుక్క ఇక్కడ, ఇంకోటి దూరంగా అక్కడ పెట్టుకుంటూ, చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాకే పక్క చుక్కకి వెళ్తాను. వెల్డింగ్ చల్లారుతూ కుంచించుకుంటుంది, అందుకే చుట్టూ రేకు లోపలికి లాగుతుంది. కింద డాలీ (చేత్తో పట్టుకునే ఇనప దిమ్మ) పెట్టి వెల్డ్ మీదే సుత్తితో మెల్లగా కొడితే అది సాగి, రేకు మళ్లీ వరసకి వస్తుంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. కళ్లు మూసుకుని అరచేయి ఆడిస్తే ఎత్తుపల్లాలు కంటికంటే ముందు చేతికి తెలుస్తాయి.

హీటర్ చానెళ్లు కోసేముందు తలుపు ఖాళీలో అడ్డంగా ఇనప గొట్టాలు వెల్డ్ చేసి, కొలతలు రాసి పెట్టుకోవాలి. లేకపోతే బాడీ కుంగి, ఆ తర్వాత తలుపు పడదు. రెడీమేడ్ చానెళ్లు, ఫ్లోర్ ముక్కలు కొనేముందు క్యాలిపర్‌తో మందం చూడండి. కొన్ని అసలుదానికంటే పలచగా ఉంటాయి.

జింక్ కలిసిన వెల్డింగ్ ప్రైమర్ జోడు రేకుల మధ్య, ప్లగ్ వెల్డ్‌లు (పై రేకులో చిల్లు చేసి అందులోంచి కింది రేకుకి వేసే అతుకులు) పెట్టేచోట బాగుంది. అంచు అతుకుల్లో మాత్రం ఆర్క్ పక్కన కాలిపోతుంది. ఆ పొగ పీల్చితే జ్వరం వస్తుంది, మాస్క్ తప్పనిసరి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకుని వెల్డ్ చేయవద్దు. ఆర్క్ తగిలితే ఫాస్జీన్ పుడుతుంది, అది ప్రాణాలు తీసే వాయువు. పుట్టీ గురించి చెప్పడానికి పెద్దగా లేదు: మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు చాలు. దానితో చిల్లు మూస్తే అది తడి పీల్చుకుని రేకుని ఇంకా తినిపిస్తుంది.

పోర్షె 911కి 1976 మోడల్ నుంచి జింక్ పూత ఉన్న రేకు వచ్చింది. మన పాత కార్లకి ఆ రక్షణ లేదు, మనమే ఇవ్వాలి. నాకు అది క్యావిటీ వ్యాక్స్. నాలుగు వైపులా చిమ్మే పొడవాటి గొట్టంతో చానెల్ లోపల కొట్టి, ఏళ్ల తర్వాత చిన్న కెమెరా దూర్చి చూశాను. వెల్డ్ గీత వెంట పచ్చటి వ్యాక్స్ పొర ఇంకా జిడ్డుగా మెరుస్తూనే ఉంది, జోడు అంచుల్లోకి కూడా పాకింది. ప్రైమర్ బ్రష్ చేరని చోటుకి చేరేది ఇదొక్కటే. దీనికీ ఒక లోపం ఉంది. వేడి గాలి నేరుగా వెళ్లే దారిలో ఎక్కువ పడితే, హీటర్ వేసిన ప్రతిసారీ కొంతకాలం వాసన లోపలికి వస్తుంది. అక్కడ పలచగా కొట్టి, బయటివైపు గదుల్లో ధారాళంగా కొట్టాలి.

వెల్డింగ్, సీలర్ (అతుకుల సందులు మూసే పేస్టు), రంగు అన్నీ అయ్యాక, ఎండ ఉన్న రోజున ఈ వ్యాక్స్ కొడితే బాగా పాకుతుంది. మర్నాడు సన్నటి తీగతో తలుపుల అడుగున, చానెళ్ల కింద ఉన్న డ్రెయిన్ రంధ్రాలన్నీ పొడిచి తెరవండి. వ్యాక్స్ వాటిని మూసేస్తే నీళ్లు లోపలే నిలుస్తాయి.