మొక్కల మీద తెల్ల పురుగులు కనిపిస్తే "ప్లాంట్ డాక్టర్"ని పిలిచే ముందు ఇది చదవండి

మా తోటకి మందు కొట్టిన ఓ "ప్లాంట్ డాక్టర్" గంట క్రితమే నా మొహం మీద ఫోన్ పెట్టేశాడు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను గానీ, ఆలోపు ఇంకెవరైనా ఆయన్ని ఇంటికి పిలుస్తారేమోనని ఇప్పుడే రాస్తున్నాను. పేరు రాయను. హైదరాబాద్‌లో మిద్దెతోట చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఎవరు ఆకు ఫోటో పెట్టినా "నేనొచ్చి చూస్తా మేడమ్" అంటాడే, ఆయనే.

మాది ఈసీఐఎల్ వైపు. మిద్దె మీద షేడ్‌నెట్ కట్టి, వానలకి పైన పాలీథీన్ షీటు కప్పి చిన్న గ్రీన్‌హౌస్ చేసుకున్నాం. కాప్సికం, టమాటా, వంగ, ఓ మూల మందారం కుండీలు. మూడు వారాల క్రితం మందారం కొమ్మలకి పిండినల్లి (మొక్కల రసం పీల్చే చిన్న తెల్ల పురుగు) పట్టింది. అది నాకూ తెలుసు. కానీ వాటి మధ్యలో ఇంకేవో ఉన్నాయి. దాదాపు సెంటీమీటరు పొడవు, ఒళ్లంతా తెల్లటి దూది పోగులు, చకచకా నడుస్తున్నాయి. పిండినల్లి అలా నడవడం నేనెప్పుడూ చూడలేదు. అదేం పురుగో తెలుసుకుందామనే ఆయన్ని పిలిచాను. చూసి చెప్పడానికి 800, మందుకి 3,500.

ఆయన మందారం దగ్గరికి కూడా వెళ్లలేదు. తలుపు దగ్గరే నిలబడి "పిండినల్లే మేడమ్, ఇవి ముదిరినవి, ఇవాళ కొట్టకపోతే వారంలో తోటంతా పోతుంది" అన్నాడు. "ఇవి నడుస్తున్నాయండీ, ఒకసారి దగ్గరగా చూడండి" అని రెండుసార్లు అడిగాను. "నేను పన్నెండేళ్ల నుంచి చూస్తున్నా మేడమ్" అన్నాడు. లెన్స్ లేదు, ఆకు తిప్పి చూడటం లేదు. సంచిలోంచి లేబుల్ లేని లీటరు సీసా తీశాడు. ఏం మందు అంటే "మా సొంత మిక్స్, పూర్తి ఆర్గానిక్, పిల్లలున్నా ఏం కాదు" అన్నాడు.

అలా అన్న మనిషే కొట్టే ముందు ముక్కుకి, నోటికి కర్చీఫ్ కట్టుకున్నాడు. నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. మా ఆరేళ్ల బాబు నా పక్కనే ఉన్నాడు. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తోంది. ఆ ఒక్క క్షణం ఆపి ఉండాల్సింది.

అంతకు ముందురోజు బాబు అడిగాడని, పిండినల్లి పట్టిన ఓ మందారం కొమ్మ, దాని మీద తిరుగుతున్న ఆ పెద్ద తెల్ల పురుగులు రెండు, ఖాళీ పచ్చడి సీసాలో వేసి మూతకి చిల్లులు పెట్టాను. వంటింటి కిటికీలో పెట్టి మర్చిపోయాను. పది రోజులకి బాబే అరిచాడు, "అమ్మా, ఇందులో వేరే పురుగు ఉంది" అని. చిన్నగా, గుండ్రంగా, నల్లటి రెక్కలు, తల వైపు నారింజ రంగు. కొమ్మ మీద ఒక్క పిండినల్లి కూడా మిగల్లేదు.

మా వీధిలో వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన బాబాయ్ గారు ఉన్నారు. సీసా చూపిస్తే ఒక్క నిమిషం కూడా పట్టలేదు. "ఇది క్రిప్టోలీమస్ అమ్మా, అక్షింతల పురుగు జాతి. నువ్వు చూసిన తెల్లవి దీని పిల్లలు. పిండినల్లి వేషం వేసుకుని పిండినల్లినే తింటాయి. ఒక్క పిల్ల పెద్దదయ్యేలోపు చిన్న పిండినల్లుల్ని 250 దాకా తినేస్తుంది" అన్నారు. 1898లో కాఫీ తోటల్లో పొలుసు పురుగు కోసం ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారట. ద్రాక్ష తోటల్లో రైతులు వీటిని డబ్బు పెట్టి కొని మరీ వదులుతారట. నా తోటకి అవి వాటంతట అవే వచ్చాయి. నేను 4,300 ఇచ్చి చంపించాను.

మరి పిండినల్లి పోయిందా అంటే, అదీ లేదు. మొన్న చూస్తే వంగ మొక్కల కణుపుల్లో మళ్లీ తెల్లగా ఉంది. వాటి ఒంటి మీద మైనం లాంటి పూత ఉంటుంది, గుడ్లు దూది సంచిలో దాగుతాయి, మందు లోపలిదాకా పోదు అని బాబాయ్ గారే చెప్పారు. పైన పాకే క్రిప్టోలీమస్ పిల్లలు మాత్రం ఒక్కటి మిగల్లేదు. ఆకులన్నీ తిప్పి తిప్పి వెతికాను.

ఇవాళ ఫోన్ చేశాను. గొడవకి కాదు, నిజంగా. ఏం మందు కొట్టాడో చెబితే కాయలు తినొచ్చో లేదో తెలుస్తుందని. ఆయన మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను: "పురుగు చావాలన్నారు, చచ్చింది. మంచి పురుగా చెడ్డ పురుగా అని దాని ఆధార్ కార్డు చూడాలా మేడమ్?" మందు పేరు చెప్పమంటే, "సీసాలో పురుగులు పెంచుకునేంత తీరిక మీకుంది, మాకు పనుంది" అన్నాడు. బాబు ఆ టమాటాలు తిన్నాడు, అది చెప్పండి చాలు అన్నాను. నవ్వాడు. "రెండో డోసుకి 2,400 పంపండి, వచ్చి మాట్లాడతా" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే నంబర్ బ్లాక్.

డబ్బు పోయినా ఇంత బాధపడేదాన్ని కాదు. పిల్లాడు తిన్నాడంటే నవ్విన ఆ నవ్వు మర్చిపోలేకపోతున్నాను. కొట్టిన మర్నాడే కోసుకోవచ్చని కూడా ఆయనే చెప్పాడు. బాబుకి ఏమీ కాలేదు, పిల్లల డాక్టర్‌కి చూపించాం. చెట్ల మీదున్న కాప్సికం, టమాటాలు అన్నీ కోసి పారేశాను. మా అత్తయ్య గారు ఆ బుట్ట చూసి ఏడ్చినంత పని చేశారు.

పురుగు ఏదో తెలియకపోతే ముందు కొమ్మతో సహా సీసాలో వేసి ఉంచండి. నడక చూడండి. పిండినల్లి మామూలుగా మూడు, నాలుగు మిల్లీమీటర్లే ఉంటుంది, కదిలీ కదలనట్టు ఉంటుంది. కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551కి చేస్తే తెలుగులోనే చెబుతారు. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, నేను అటు వెళ్లే ఆలోచన కూడా చేయలేదు. లేబుల్ లేని మందు అమ్మడం చట్టవిరుద్ధం. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఏదో ఒక రంగు గుర్తు, బ్యాచ్ నంబర్, గడువు తేదీ ఉండాలి. బిల్లు అడగండి. నేను అడగలేదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి రేపు పొద్దున్నే ఫిర్యాదు చేస్తున్నాను. ఆయన వదిలేసి వెళ్లిన సీసాలో అడుగున కొంచెం మందు మిగిలింది, మూత బిగించి పిల్లలకి అందకుండా దాచాను. ఆయన చేత కొట్టించుకున్నవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే, మీ దగ్గర కూడా అలాంటి లేబుల్ లేని సీసా ఉంటే, పారేయకండి. ఫోటో తీసి నాకు పంపండి, అందరం కలిసి ఫిర్యాదు ఇద్దాం.